భాషాశాస్త్రం చదవాలనుకుంటే: కోర్సు ఎంచుకోవడం నుంచి టర్మ్ పేపర్ దాకా

భాషాశాస్త్రం కోర్సులో చేరాలనుకునేవాళ్లను కారణం అడిగితే, భాషలంటే ఇష్టమనో సాహిత్యమంటే ఇష్టమనో చెబుతారు. రెండూ మంచి కారణాలే. కానీ ఆ ఇష్టం ఒక్కటే వెంటబెట్టుకుని వెళ్తే మొదటి సెమిస్టర్‌లోనే కంగారు పడతారు. అక్కడ కొత్త భాష మాట్లాడటం నేర్పరు, పద్యాలు చదివించరు. ఎప్పుడూ వినని ఒక భాషలోంచి పాతిక మాటలు ముందు పెట్టి, వీటి వెనక ఏ నియమం ఉందో కనిపెట్టమంటారు. మీరు కనిపెట్టిన నియమం ఇరవై నాలుగు మాటలకు సరిపోయి ఒక్కదానికి సరిపోకపోతే, ఆ ఒక్కదాని దగ్గరే కూర్చోబెడతారు.

ఈ శాస్త్రం అబ్బేది అలా కూర్చున్నప్పుడే. అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడు గానీ, చేరాక చదివేటప్పుడు గానీ ఒకటే చూసుకోండి: భాష నమూనాలతో మీ చేత ఎంత పని చేయిస్తున్నారు? సిద్ధాంతాల పేర్లు, పండితుల పేర్లు ఎన్ని బట్టీ పట్టినా ఆ పనికి సాటి రావు.

1. చేరేముందు ఒక లెక్క చేసి చూడండి

ఈ చదువు మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు. కాగితం, పెన్ను తీసుకుని తెలుగులో కి, కు ఎక్కడెక్కడ వస్తాయో రాయండి.

పిల్లికి, గదికి, స్త్రీకి. చెట్టుకు, ఆవుకు, అమ్మకు, పిల్లలకు. చూడగానే ఒక నియమం తడుతుంది: ముందు ఇ గానీ ఈ గానీ ఉంటే కి, మరేదైనా ఉంటే కు. బాగుంది. ఇప్పుడు దాన్ని పడగొట్టడానికి ప్రయత్నించండి. రాముడు అన్న మాట చివర ఉన్నది ఉ, అయినా రాముడికి అంటాం. ఇల్లు, ఇంటికి. పుస్తకం, పుస్తకానికి. నియమం తప్పిందా? తప్పలేదు. రాముడి చెయ్యి, ఇంటి తలుపు అంటాం, పుస్తకానికి అన్నది కూడా పుస్తకాని + కి. విభక్తి వచ్చి అతుక్కునేది రాముడు అనే రూపానికి కాదు, రాముడి అనే రూపానికి. దాని చివర ఇ ఉంది. అంటే మీరు చూడాల్సిన చోటు వేరు, నియమం మాత్రం అదే.

ఇక నీకు, మీకు. ఇక్కడ ముందున్నది ఈ, వచ్చింది మాత్రం కు. దీర్ఘం వల్ల అనుకుందామంటే స్త్రీకి ఒప్పుకోదు. సర్వనామాలు కావడం వల్ల అనుకుందామంటే వాడికి, వారికి, దీనికి ఉన్నాయి. నాకు, మాకు, మనకు, నీకు, మీకు అన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడండి. మాట్లాడేవాళ్లను, వినేవాళ్లను సూచించే మాటలు మాత్రమే కు దగ్గర ఆగిపోయాయి. నియమానికి ఇంకో వాక్యం చేరింది.

అయిపోలేదు. చాలామంది అమ్మకి, పిల్లలకి, చెట్టుకి అంటారు. వాళ్లది తప్పని కొట్టేయకండి, వాళ్ల మాటలో ఏం జరుగుతోందో చూడండి. కు ఉండాల్సిన చోటికి కి వచ్చింది. మరి అదే మనుషులు పిల్లికు, గదికు అంటున్నారా? అనరు. మార్పు ఒకే దిక్కుకు నడుస్తోంది. అమ్మకి అనేవాళ్లలో కూడా చాలామంది నాకు, నీకు అనే అంటారు, అంటే మార్పు ఇంకా చేరని చోటు కూడా కనిపిస్తోంది.

ఈ నాలుగు పేరాలు చదువుతూ మీరే ఇంకొన్ని మాటలు తలుచుకుని సరిచూసుకున్నారా? అయితే నిశ్చింతగా చేరండి. విసుగొస్తే ఇంకో రెండు మూడు లెక్కలు చేసి అప్పుడు తేల్చుకోండి. ఇలాంటివి కావాలంటే అంతర్జాతీయ భాషాశాస్త్ర ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రాలు వెతకండి. 2003 నుంచి హైస్కూలు పిల్లల కోసం జరుగుతున్న పోటీ ఇది, ప్రశ్నలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. పిల్లల పోటీ కదా అని తేలిగ్గా తీసుకోకండి, కొన్నింటికి ఒక పూట పడుతుంది.

2. సిలబస్‌ను ఎలా చదవాలి

యూనివర్సిటీ పేరు చూసి ఆగిపోకుండా సిలబస్ తెరవండి. డిగ్రీ ఏదైనా పునాదిలో ఉండాల్సినవి ఇవి: ఫొనెటిక్స్ (ధ్వనులు ఎలా పుడతాయి), ఫొనాలజీ (ఒక భాషలో ధ్వనులు ఏ నియమాలతో నడుస్తాయి), మార్ఫాలజీ (మాటలు ఎలా తయారవుతాయి), సింటాక్స్ (వాక్యాలు ఎలా కడతాం), సెమాంటిక్స్ (అర్థం). వీటితో పాటు చారిత్రక భాషాశాస్త్రం, సామాజిక భాషాశాస్త్రం ఒక్కో పేపరైనా ఉండాలి. మొదటి ఐదింటిలో రెండు మూడింటిని కలిపి ఒకే పేపర్‌గా ముగించేస్తే అది పరిచయమే తప్ప పునాది కాదు.

తర్వాత రెండు విషయాలు వెతకండి. ఒకటి, ఫీల్డ్ మెథడ్స్ పేరుతో క్లాసు ఉందా? ఆ క్లాసులో విద్యార్థులకు తెలియని భాష మాట్లాడే మనిషిని కూర్చోబెడతారు. సెమిస్టర్ అంతా ఆ మనిషిని ప్రశ్నలు అడుగుతూ ఆ భాష వ్యాకరణాన్ని మొదటి నుంచి కట్టుకురావాలి. ఇది ఉన్న డిపార్ట్‌మెంట్ అంటే నాకు సగం నమ్మకం అప్పుడే కుదిరిపోతుంది. రెండోది, మార్కులు దేనికి వేస్తున్నారు? వారం వారం ప్రాబ్లమ్ సెట్లు, అంటే పైన చేసిన కి, కు లాంటి లెక్కలు ఉంటే మంచిది. మొత్తం చివరి పరీక్షలో వ్యాసరూప ప్రశ్నలకే అయితే, సిలబస్ ఎంత గొప్పగా రాసి ఉన్నా జాగ్రత్తగా ఆలోచించండి.

పేర్లతో పొరపాటు పడకండి. అప్లైడ్ లింగ్విస్టిక్స్ అని ఉన్నచోట ఎక్కువగా నడిచేది భాషాబోధన. కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ ఒకచోట భాషాశాస్త్ర విభాగంలో ఉంటుంది, ఇంకోచోట కంప్యూటర్ సైన్స్‌లో ఉంటుంది, రెండింటిలో చదువు చాలా తేడా. సింటాక్స్ కూడా అన్నిచోట్లా ఒకలా ఉండదు. 1957 తర్వాత అమెరికన్ భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఆలోచనలతో పెరిగిన జెనరేటివ్ పద్ధతి, అంటే కొన్ని నియమాలతోనే లెక్కలేనన్ని వాక్యాలు ఎలా పుడతాయో చూసే పద్ధతి, కొన్నిచోట్ల గట్టిగా ఉంటుంది. మరికొన్ని చోట్ల ప్రపంచ భాషలను పక్కపక్కన పెట్టి పోల్చే టైపాలజీ, వాడుకను ఆధారం చేసుకునే పద్ధతులు నడుస్తాయి. ఏది గొప్పదన్న వాదనలోకి ఇప్పుడే దిగకండి. అక్కడి అధ్యాపకులు ఏ భాషల మీద, ఏ ప్రశ్నల మీద పనిచేశారో వాళ్ల పేజీలు తెరిచి చూస్తే డిపార్ట్‌మెంట్ ఎటు మొగ్గుతుందో తెలిసిపోతుంది. ఆ ఊపులోనే డిపార్ట్‌మెంట్‌కు ఒక మెయిల్ పెట్టి, పోయిన ఏడాది ఇచ్చిన ఒక ప్రాబ్లమ్ సెట్ చూపించగలరా అని అడగండి. పది పేజీల బ్రోషర్ కంటే అది ఎక్కువ చెబుతుంది.

3. మొదటి నెల: చెవికి శిక్షణ

క్లాసులు మొదలవగానే వచ్చేది ఐపీఏ, అంటే అంతర్జాతీయ ధ్వని లిపి. 1886లో పారిస్‌లో మొదలైన సంఘం తయారుచేసింది. తెలుగు చదివినవాళ్లకు దీని అమరిక కొత్తగా అనిపించదు. క నుంచి ప దాకా మన వర్గాలు కూడా నోట్లో ధ్వని పుట్టే చోటును బట్టి, గొంతు నుంచి మొదలై పెదవుల దాకా వరుసగా ఉంటాయి. ఐపీఏ పట్టికలో పెదవులు మొదట వస్తాయి, అంతే. కాబట్టి గుర్తులను బట్టీ పట్టడానికి ముందు ఒక్కో ధ్వనికీ నాలుక ఎక్కడ తగులుతోంది, గొంతు కంపిస్తోందా, గాలి ముక్కులోంచి పోతోందా అని చూసుకోండి. కంఠం మీద వేలు పెట్టి స, జ పలికితే తేడా చేతికే తెలుస్తుంది.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. అక్షరాన్ని మరిచిపోయి ధ్వనిని వినాలి. చీమ, చేప, చెవి అనండి. తర్వాత చాప, చుక్క, చోటు అనండి. చాలామంది నోట రెండో వరసలోని చ వేరు, నాలుక పళ్ల దగ్గరికి జరుగుతుంది. పాత పుస్తకాల్లో దీనికి ౘ అని వేరే గుర్తు కూడా వేసేవారు. ఈ రెండూ వేర్వేరు ధ్వనులా, ఒకే ధ్వనికి రెండు రూపాలా? ఇ, ఎ ముందు ఒకటి, అ, ఉ, ఒ ముందు ఇంకొకటి వస్తుంటే, ఏది ఎక్కడ వస్తుందో ముందే చెప్పగలం కాబట్టి ఒకటే అనాలి. కానీ చక్రం, చరిత్ర, చంద్రుడు అనేటప్పుడు అ ముందు కూడా మొదటి రకమే పలుకుతున్నాం. అరువు మాటలు వచ్చి చక్కటి నియమాన్ని చెదరగొట్టాయి. ఫొనాలజీ మొదటి అసైన్‌మెంట్లన్నీ దాదాపు ఇదే పద్ధతిలో ఉంటాయి: ఏ ధ్వని దేని పక్కన వస్తోందో పట్టిక వేయడం, పట్టిక ఎక్కడ చెదిరిందో చూడటం.

చెవి ఒక్కదాన్నే నమ్మకండి. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బూర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన, ధ్వనిని కొలిచే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మొదటి వారంలోనే వేసుకోండి. పలు, పాలు అని అయిదేసి సార్లు రికార్డు చేసి, అచ్చు ఎంతసేపు ఉందో మిల్లీసెకన్లలో కొలవండి. మామూలు వేగంతో ఒకసారి, హడావిడిగా ఒకసారి. హడావిడిలో దీర్ఘం ఎంత కుంచించుకుపోతుందో, అయినా హ్రస్వంతో తేడా మిగులుతుందో లేదో మీ గొంతులోనే కనిపిస్తుంది. పుస్తకంలోని స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని బొమ్మగా చూపే పటం) చూసి టెన్షన్ పడేవాళ్లకు ఈ గంట పని చాలా ధైర్యం ఇస్తుంది.

4. సింటాక్స్: నక్షత్రం గుర్తు విలువ

చాలామందికి భయం వేసేది ఈ పేపరే. వాక్యంలో ఏ మాట దేనితో కలుస్తుందో కొమ్మలుగా చూపే చెట్టు బొమ్మలు చూసి గణితం అనుకుంటారు. బొమ్మ గీయడం చివరి పని, దానికి ముందు వాక్యాలను పరీక్షించడం ఉంటుంది. ఎవరూ అనని వాక్యం ముందు నక్షత్రం గుర్తు పెడతారు. ఈ శాస్త్రంలో అనని వాక్యం కూడా సాక్ష్యమే.

రవి వచ్చాక లత వెళ్లింది. ఇది మామూలు వాక్యం. రవి వచ్చి లత వెళ్లింది. ఇది పొసగదు, నక్షత్రం పెట్టండి. రవి వచ్చి వెళ్లాడు అంటే బాగుంది. కాబట్టి రెండు క్రియలకూ కర్త ఒకటే అయితేనే వచ్చి, చూసి, తిని లాంటి రూపాలు వాడాలన్నది నియమం. ఇప్పుడు ఇది చూడండి: వాన పడి పంట పాడైంది. కర్తలు ఇద్దరు, వాక్యం మాత్రం నిక్షేపంగా ఉంది. ఎందుకు? ఎవరూ కావాలని చేసిన పనులు కాకపోవడమా, మొదటిది రెండోదానికి కారణం కావడమా? ఒక్కో ఊహకీ రెండేసి కొత్త వాక్యాలు కట్టి చూడండి. ఈ పని చేశాక చెట్టు బొమ్మ గీయమంటే ఏ కొమ్మ ఎక్కడ ఉండాలో మీకే ఒక అభిప్రాయం ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఒకే వాక్యాన్ని పదే పదే అనుకుంటే ఏదైనా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అనుమానం ఉన్న వాక్యాలను పక్కన పెట్టి మర్నాడు చూడండి, ఈ చదువుతో సంబంధం లేని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. అడిగేటప్పుడు మీ నియమం ముందే చెప్పేయకండి, మీకు నచ్చేలా జవాబు చెబుతారు.

5. చరిత్ర, సమాజం: రెండు పేపర్లు, రెండు జాగ్రత్తలు

చారిత్రక భాషాశాస్త్రంలో అందరూ పడే గుంట, రెండు మాటలు ఒకలా వినిపిస్తే చుట్టాలు అనుకోవడం. పోలిక కాదు, క్రమం కావాలి. తెలుగు చెవి కన్నడంలో కివి. తెలుగు చెరువు కన్నడంలో కెరె. మన చ ఉన్నచోట వాళ్లకు క ఉంది, పక్కన ఉన్నవి ఇ, ఎ. ఇలా మళ్లీ మళ్లీ ఒకే తేడా కనిపిస్తే అది చుట్టరికానికి సాక్ష్యం. 1816లో మద్రాసులో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసిన కుటుంబమని చూపించింది ధాతువులను ఇలా పక్కపక్కన పెట్టే. ద్రావిడ భాషలను పోల్చిన రాబర్ట్ కాల్డ్‌వెల్ ప్రసిద్ధ వ్యాకరణ పుస్తకం 1856లో వచ్చింది, అంటే అప్పటికి నలభై ఏళ్ల ముందు మాట ఇది. అసైన్‌మెంట్‌కు మాటలు ఎంచుకునేటప్పుడు శరీర భాగాలు, అంకెలు, నీరు, రాయి లాంటివి తీసుకోండి. మతం, పరిపాలన, వ్యాపారం మాటలు సులువుగా అరువు వస్తాయి.

సామాజిక భాషాశాస్త్రంలో జాగ్రత్త వేరు: మనుషులు తాము ఎలా మాట్లాడతామో చెప్పేది ఒకటి, మాట్లాడేది ఇంకొకటి. 1962లో న్యూయార్క్‌లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ చేసిన పని అందుకే ఇప్పటికీ క్లాసులో చెబుతారు. ధనికులు వెళ్లేది, మధ్యతరగతి వెళ్లేది, తక్కువ ధరలది, ఇలా మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నాడు. నాలుగో అంతస్తులో ఉన్న వస్తువు ఎక్కడుందని ఉద్యోగులను అడిగాడు. ఫోర్త్ ఫ్లోర్ అన్న జవాబులో ర్ పలుకుతున్నారో మింగేస్తున్నారో విన్నాడు. వినపడనట్టు మళ్లీ అడిగి, జాగ్రత్తగా చెప్పినప్పుడు ఏమంటారో కూడా రాసుకున్నాడు. ఖరీదైన దుకాణంలో ర్ ఎక్కువ వినపడింది. ప్రశ్నావళి పంచి ఉంటే ఇది బయటపడేది కాదు. మీ ప్రాజెక్టుకు ప్రశ్నావళి రాయడం మొదలుపెట్టే ముందు, అడగకుండానే వినే దారి ఏదైనా ఉందేమో చూడండి.

6. రికార్డింగుకు వెళ్లేటప్పుడు

అనుమతి ముందు, మైకు తర్వాత. ఎందుకు రికార్డు చేస్తున్నారో, ఎవరు వింటారో, వద్దనుకుంటే ఎప్పుడైనా తీసేయమనవచ్చని మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి, సంతకమో మాటో తీసుకోండి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఆమోదం అవసరమైతే దానికి వారాలు పట్టవచ్చు, ఆ టైమ్ లెక్కలో వేసుకోండి.

ఫైలు వేవ్ ఫార్మాట్‌లో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌కు తగ్గకుండా ఉండాలి. ఎంపీత్రీలో ధ్వని సమాచారం కొంత పోతుంది, కొలతలకు అది నమ్మకం కాదు. ఫ్యాన్ ఆపండి, మైకు నోటికి దగ్గరగా కాస్త పక్కకు పెట్టండి. తేదీ, చోటు, మాట్లాడిన మనిషికి ఇచ్చిన కోడ్, వాళ్లకు వచ్చిన భాషలు అదే రోజు రాసిపెట్టండి, వారం తర్వాత గుర్తుండదు. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీదే పనిచేయండి.

విన్నది రాయడానికి నైమెఖెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఇచ్చే ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, అదీ ఉచితమే. వాక్యాన్ని మూడు వరసల్లో రాస్తారు: పైన మాట, మధ్యలో దాని విడి భాగాల అర్థం, కింద అనువాదం. ఈ పద్ధతికి లైప్‌జిగ్ నియమాలు అని ఒక చిన్న పత్రం ఉంది, పది నియమాలు. మొదటి అసైన్‌మెంట్‌కు ముందే చదివేయండి. పిల్లలకు అన్న మాటను పిల్ల, ల, కు అని గీతలతో విడగొడితే, కింద వరసలో కూడా సరిగ్గా అన్నే గీతలు ఉండాలి. చాలా మార్కులు పోయేది ఈ చిన్న లెక్క తప్పే. గంట రికార్డింగును ఇలా రాయడానికి రోజులు పడుతుంది, కాబట్టి మొదటి ప్రాజెక్టుకు పది నిమిషాల మాట చాలు.

7. టర్మ్ పేపర్

విషయం ఎంత చిన్నదైతే పేపర్ అంత బాగా వస్తుంది. తెలుగు మీద ఇంగ్లిష్ ప్రభావం అని పెట్టుకుంటే పది పేజీలూ సాధారణ మాటలతో నిండిపోతాయి. డౌన్‌లోడ్ చేశాను, డౌన్‌లోడ్ అయింది. కట్ చేశాడు, కట్ అయింది. ఇంగ్లిష్ క్రియ తెలుగులోకి వచ్చేటప్పుడు చేయు ఎప్పుడు తీసుకుంటుంది, అవు ఎప్పుడు తీసుకుంటుంది? ఫీలయ్యాను అంటాం, ఫీల్ చేశాను అనం. ఎందుకు? ఇదొక పేపర్. నలభై క్రియలు పోగుచేసి, రెండు రూపాలూ ఒప్పుకునేవి, ఒకటే ఒప్పుకునేవి విడదీస్తే సగం పని అయిపోయినట్టే.

రాసే వరస ఇలా పెట్టుకోండి: ప్రశ్న, నమూనాలు, మీ నియమం, దానికి ఎదురు తిరిగే ఉదాహరణలు, మిగిలిపోయిన చిక్కు. ఎదురు తిరిగే ఉదాహరణలను దాచకండి. దిద్దేవాళ్లు మొదట వెతికేది వాటినే, దొరకకపోతే మీరు వెతకలేదని అనుకుంటారు. ఇంతకుముందు ఎవరు ఏమన్నారో రాసే భాగాన్ని చివర రాయండి. మీ నమూనాలు మీ చేతిలో ఉన్నాక చదివితే, ఏ వ్యాసం పనికొస్తుందో వెంటనే తెలుస్తుంది. మీ భాషలో కనిపించింది మిగతా భాషల్లో ఉందా అని చూడాలంటే డబ్ల్యూఏఎల్ఎస్ అనే భాషా లక్షణాల అట్లాస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. మేము, మనం తేడా లాంటివి ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు మీదే చూడొచ్చు.

8. రెండో ఏడాది ఎంపికలు

ఉద్యోగం గురించి ఆలోచించాల్సింది చివరి సెమిస్టర్‌లో కాదు, ఎలక్టివ్‌లు ఎంచుకునేటప్పుడే. స్పీచ్ టెక్నాలజీ వైపు వెళ్లాలంటే ఫొనెటిక్స్ లోతుగా చదవండి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. నిఘంటువులు, భాషా వనరుల పని అయితే మార్ఫాలజీ, కార్పస్ పద్ధతులు (పోగుచేసిన పెద్ద భాషా నమూనాల రాశిలో వెతికే పద్ధతులు). పరిశోధన అయితే స్టాటిస్టిక్స్ తప్పదు, ఆర్ అనే సాఫ్ట్‌వేర్ దానికి ఎక్కువగా వాడతారు. స్పీచ్ థెరపీ అనుకుంటే ఒక సంగతి ముందే తెలుసుకోండి: చాలా దేశాల్లో దానికి విడిగా డిగ్రీ, లైసెన్స్ కావాలి, భాషాశాస్త్రం డిగ్రీ ఒక్కటే సరిపోదు.

ఏ దారి పట్టినా, ఎలక్టివ్‌లలో ఒకటి మీకు అస్సలు తెలియని భాషా కుటుంబం నిర్మాణం మీద తీసుకోండి. నామవాచకాలకు పదిహేను తరగతులున్న బాంటూ భాషో, ఒక్క క్రియలోనే వాక్యమంతా ఇమిడిపోయే ఇన్యూట్ భాషో. దాని కోసం కేటాయించిన పేపర్ లేకపోతే, ఫీల్డ్ మెథడ్స్‌లో ఏ భాష పెట్టబోతున్నారో కనుక్కుని, తెలుగుకు దూరంగా ఉన్న భాష వచ్చే సెమిస్టర్‌లో పేరు నమోదు చేసుకోండి.